సోషల్ సెక్యూరిటీ అమెరికాలో, కాపురం థాయిలాండ్‌లో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో రిటైరై థాయిలాండ్‌లో స్థిరపడినవారు, స్థిరపడాలనుకుంటున్నవారు రాసిన ఉత్తరాలు కొన్ని పోగయ్యాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. వీటిలో సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్) హక్కు పోయిన కేసు ఒక్కటీ లేదు. చిక్కంతా చిరునామా దగ్గరో, ఫోన్ నంబరు దగ్గరో, పాస్‌బుక్‌లోని ఒక ఎంట్రీ దగ్గరో వచ్చింది.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, అమెరికా పౌరుణ్ని. వచ్చే ఏడాది హువా హిన్‌కు మారుతున్నాం. సోషల్ సెక్యూరిటీ డబ్బు నేరుగా థాయ్ బ్యాంకులో పడేలా చేసుకోమని ఒకరంటారు, అమెరికా ఖాతా కదిలించొద్దని ఇంకొకరంటారు. ఏది మేలు? (సియాటిల్ పాఠకుడు)

జవాబు: అమెరికా ఖాతాలోనే పడనివ్వండి. డాలర్లు అక్కడ ఉంటే ఎప్పుడు, ఎంత, ఏ రేటుకు మార్చుకోవాలో మీ చేతిలో ఉంటుంది. మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లు, ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖ) కట్టే పన్ను అన్నీ డాలర్లలోనే కదా. థాయ్ ఖాతాకు పంపి, మళ్లీ వెనక్కి తెప్పించుకుంటే మారకంలో రెండుసార్లు నష్టం.

నేరుగా థాయ్ బ్యాంకులో వేయించుకునే దారి కూడా ఉంది. బ్యాంకాక్ బ్యాంక్ తన న్యూయార్క్ బ్రాంచి ద్వారా అమెరికా ప్రభుత్వ చెల్లింపులకు ప్రత్యేక ఖాతా నడుపుతూ వచ్చింది. దానికి ఏటీఎం కార్డు ఇవ్వరు, ప్రతిసారీ మనిషి వెళ్లి సంతకం పెట్టి డబ్బు తీసుకోవాలి. ఖాతాదారు బతికే ఉన్నారని తేల్చుకోవడానికే ఆ పద్ధతి. కాళ్లు ఆడినన్నాళ్లు పర్వాలేదు, ఆసుపత్రిలో పడితే ఇబ్బంది. వీసా కోసం నెలనెలా విదేశీ ఆదాయం చూపించాల్సినవారికి మాత్రం ఇది పనికొస్తుంది. ఆ సంగతి కింద ఇంకో జవాబులో ఉంది.

అసలు పని విమానం ఎక్కకముందే ఉంది. మొదటిది ఫోన్ నంబరు. అమెరికా బ్యాంకు ఓటీపీ అమెరికా నంబరుకే వస్తుంది. ఇంటర్నెట్ నంబర్లను (గూగుల్ వాయిస్ వంటివి) చాలా బ్యాంకులు ఒప్పుకోవు. కాబట్టి పాత నంబరును చవక నెలవారీ ప్లాన్‌లోకి మార్చి, వైఫై కాలింగ్‌ను అమెరికాలో ఉండగానే ఆన్ చేయండి. కొన్ని కంపెనీల్లో మొదటిసారి ఆన్ చేయడానికి అమెరికా నెట్‌వర్క్ తప్పనిసరి. తరువాత ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒక్క వైఫై మీద బ్యాంకు ఓటీపీ వస్తోందో లేదో ఇంట్లోనే పరీక్షించండి. స్నేహితుల ఎస్సెమ్మెస్ వచ్చింది కదా అని ఊరుకోవద్దు. బ్యాంకులు ఐదారంకెల షార్ట్ కోడ్‌ల నుంచి పంపుతాయి, ఒక్కోసారి అవి మాత్రమే ఆగిపోతాయి.

సోషల్ సెక్యూరిటీ ఆన్‌లైన్ ఖాతాలోకి ఇప్పుడు లాగిన్.గవ్ లేదా ఐడీ.మీ అనే గుర్తింపు వెబ్‌సైట్ల ద్వారానే వెళ్లాలి. గుర్తింపు తనిఖీని అమెరికా డ్రైవింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉండగానే ముగించి, ఎస్సెమ్మెస్‌కు బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

రెండోది చిరునామా. అమెరికా బ్యాంకులు నివాస చిరునామా అడగడం చట్టం పెట్టిన షరతు. అద్దె మెయిల్‌బాక్స్ కంపెనీల చిరునామాలు తపాలా శాఖ జాబితాలో వాణిజ్య చిరునామాలుగా నమోదై ఉంటాయి, బ్యాంకు సాఫ్ట్‌వేర్ వాటిని పట్టేస్తుంది. ఉత్తరాలు అందుకోవడానికి అవి బాగానే ఉంటాయి (తపాలా శాఖ 1583 ఫారం నింపాలి), నివాసంగా చూపించడానికి పనికిరావు. విదేశాల్లో ఉండే పౌరులకు ఖాతా కొనసాగించే సంస్థలు కొన్ని ఉన్నాయి. అమెరికన్ సిటిజన్స్ అబ్రాడ్ అనే ప్రవాసుల సంఘం సభ్యత్వంతో స్టేట్ డిపార్ట్‌మెంట్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో చేరే వీలు అలాంటిదే. ఒకే బ్యాంకును నమ్ముకోకుండా రెండు చోట్ల ఖాతా ఉంచుకోండి. ఒకటి స్తంభించినా రెండోది నడుస్తుంది.

ఏటీఎం గురించి: విదేశీ కార్డు మీద థాయ్ ఏటీఎంలు ఒక్కో విత్‌డ్రాకు 220 బాట్ లేదా ఆపైన తీసుకుంటాయి. తెర మీద "మీ కరెన్సీలో మార్చాలా" అని అడిగితే వద్దని నొక్కండి. ఔనని నొక్కితే రేటు ఆ యంత్రం చెప్పిందే, అది ఎప్పుడూ మీకు లాభంగా ఉండదు.

ప్రశ్న: ఏడేళ్లుగా చియాంగ్ మైలో ఉంటున్నాను. ఈ ఫిబ్రవరి నుంచి సోషల్ సెక్యూరిటీ ఆగిపోయింది. బ్యాంకాక్ ఎంబసీకి ఫోన్ చేస్తే తమ పని కాదన్నారు. ఎవరిని అడగాలి? (చియాంగ్ మై పాఠకుడు)

జవాబు: మీరు రాసిన నెలను బట్టి చూస్తే ఎస్‌ఎస్‌ఏ-7162 ఫారం చేరకపోవడమే కారణమై ఉంటుంది. విదేశాల్లో ఉండే లబ్ధిదారులకు బతికున్నారా, పౌరసత్వం మారిందా, పెళ్లి, ఉద్యోగం వంటి విషయాలు అడుగుతూ ఈ ప్రశ్నపత్రం వస్తుంది. చాలామందికి రెండేళ్లకోసారి, కొందరికి ఏటా. మే, జూన్ నెలల్లో పోస్టులో పంపుతారు. జవాబు రాకపోతే శరదృతువులో రెండోది వస్తుంది. దానికీ సమాధానం లేకుంటే మరుసటి ఏడాది మొదట్లో చెల్లింపు ఆపేస్తారు.

థాయిలాండ్‌కు సంబంధించిన సోషల్ సెక్యూరిటీ వ్యవహారాలు ఫిలిప్పీన్స్‌లోని మనీలా అమెరికా ఎంబసీలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్ చూస్తుంది. వాళ్లకు రాయండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ప్రస్తుత చిరునామా, థాయ్ ఫోన్ నంబరు, డబ్బు ఆగిన నెల ఇస్తే చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు మొత్తాన్ని ఈమెయిల్‌లో పెట్టకండి. ఫారం నింపి, పాస్‌పోర్టు ప్రతి జతచేసి, వాళ్లు చెప్పిన దారిలో పంపితే ఆగిన నెలల డబ్బంతా కలిపి వేస్తారు. ఆగింది చెల్లింపే, అర్హత కాదు.

ఫారం పోస్టులోనే వస్తే తిరుగు చిరునామా పెన్సిల్వేనియాలోని విల్క్స్-బ్యారీ పోస్టు బాక్సు. ప్రైవేటు కొరియర్లు పోస్టు బాక్సుకు బట్వాడా చేయవు. థాయ్ పోస్టులో ఈఎంఎస్ (స్పీడ్ పోస్టు) చేసి రసీదు దాచుకోండి, పంపే ముందు ఫారానికి రెండు వైపులా ఫొటో తీసుకోండి.

ఇక్కడ పొరపాటు ఎలా జరుగుతుందంటే, కాండోలో ఉత్తరాలు ఆఫీసులో పడి ఉంటాయి. ఇల్లు మారినప్పుడు చిరునామా బ్యాంకుకు చెబుతారు, సోషల్ సెక్యూరిటీకి చెప్పడం మరిచిపోతారు. జూలై చివరికల్లా ఫారం కనిపించకపోతే మీ అంతట మీరే మనీలాకు రాయండి. ఇంకొందరు అమెరికాలో కొడుకు చిరునామాయే ఇచ్చి ఊరుకుంటారు, ఈ ఫారం బెడద ఉండదని. అది మంచి ఉపాయం కాదు. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉన్నవారిని సోషల్ సెక్యూరిటీ విదేశాల్లో ఉన్నవారిగానే లెక్కిస్తుంది, ఆ సంగతి తెలియజేయడం లబ్ధిదారు బాధ్యత. విదేశీ చిరునామా నమోదైతే చెల్లింపు నెలలో 3వ తేదీకి మారుతుంది కూడా. రెండో బుధవారమో మూడో బుధవారమో రావాల్సింది రాలేదని కంగారు పడనక్కర్లేదు.

ప్రశ్న: రిటైర్మెంట్ వీసా పొడిగింపుకు 8 లక్షల బాట్ డిపాజిట్ మంచిదా, నెలకు 65 వేల బాట్ ఆదాయం చూపించడం మంచిదా? నాకు వచ్చేది నెలకు 1,900 డాలర్లు. (పట్టాయా పాఠకుడు)

జవాబు: మీ అంకె చూశాక సందేహం లేదు, డిపాజిట్టే.

లెక్క చూడండి. డాలరుకు 35 బాట్ ఉంటే 65 వేల బాట్‌కు 1,857 డాలర్లు చాలు. రేటు 32కు పడితే మీ 1,900 డాలర్లు 60,800 బాట్ అవుతాయి. పెన్షన్ డాలర్లలో స్థిరం, ఇమిగ్రేషన్ గీత బాట్లలో స్థిరం, మధ్యలో రేటు కదులుతూ ఉంటుంది. పన్నెండు నెలల్లో ఒక్క నెల తగ్గినా ఆఫీసరు తిప్పి పంపవచ్చు. ఆదాయం దారిలో వెళ్లేవారికి గీతకు పైన కనీసం పది శాతం వెసులుబాటు ఉండాలి.

ఒకప్పుడు అమెరికా ఎంబసీ ఆదాయ ప్రమాణపత్రం మీద సంతకం చేయించి ఇచ్చేది. 2019 జనవరి 1 నుంచి మానేసింది. ఇప్పుడు అమెరికన్లు ఆదాయాన్ని థాయ్ బ్యాంకు రికార్డుతోనే నిరూపించుకోవాలి. ప్రతి నెలా విదేశం నుంచి వచ్చిన డబ్బు విదేశం నుంచి వచ్చినట్టుగానే కనిపించాలి. బ్యాంకాక్ బ్యాంక్ పాస్‌బుక్‌లో అయితే ఎఫ్‌టీటీ అన్న కోడ్ పడుతుంది. వైజ్ వంటి ఆన్‌లైన్ డబ్బు బదిలీ సేవలు డబ్బును థాయిలాండ్‌లోని భాగస్వామి బ్యాంకు నుంచి వేస్తే అది లోకల్ బదిలీగా పడే ప్రమాదం ఉంది. పంపేటప్పుడు కారణం దగ్గర థాయిలాండ్‌లో దీర్ఘకాల నివాసం అన్నది ఎంచుకోండి. మొదటి నెల డబ్బు పడగానే పాస్‌బుక్ ప్రింట్ వేసి కోడ్ చూడండి. పన్నెండో నెలలో చూస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

డిపాజిట్ దారికి క్యాలెండర్ ముఖ్యం. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి 8 లక్షలు ఉండాలి, అనుమతి వచ్చాక మరో మూడు నెలలు అలాగే ఉండాలి, ఆ తరువాత 4 లక్షల కంటే తగ్గకూడదు. మీరు జూన్ 15న దరఖాస్తు చేస్తే ఏప్రిల్ 15కు ముందే 8 లక్షలు నిండాలి, సెప్టెంబర్ 15 దాటేదాకా కదపకూడదు, అక్కడి నుంచి మళ్లీ ఏప్రిల్ దాకా 4 లక్షలు అడుగు. ఖర్చుకు మిగిలే వెసులుబాటు ఏడు నెలలే, అదీ సగం డబ్బుకే. అందుకే ఈ ఖాతాను మరిచిపోయి, రోజువారీ ఖర్చుకు వేరే ఖాతా పెట్టుకోవడం మేలు.

సరిగ్గా 8 లక్షలే ఉంచడం తెలివితక్కువ. డెబిట్ కార్డు వార్షిక రుసుము బ్యాంకు తనంతట తాను కోసుకుంటుంది. నిల్వ 7,99,700కు దిగిందంటే, లోటు మూడు వందలే అయినా నియమం తప్పినట్టే. 8 లక్షల 10 వేలు ఉంచండి, ఆ ఖాతాకు కార్డే తీసుకోకండి. దరఖాస్తు రోజు పొద్దున్నే వంద బాట్ వేసి పాస్‌బుక్ అప్‌డేట్ చేయించండి. బ్యాంకు లెటర్ కూడా తాజాది అడుగుతారు, అదే రోజు తీసుకుంటే గొడవ లేదు. పన్నెండు నెలల స్టేట్‌మెంట్ కావాలంటే కొన్ని బ్యాంకులు హెడ్ ఆఫీసు నుంచి తెప్పిస్తాయి, వారం ముందే అడగండి. పొడిగింపు రుసుము 1,900 బాట్.

ఆదాయం, డిపాజిట్ కలిపి ఏడాదికి 8 లక్షలు చూపించే మూడో దారి ఉంది. ఆఫీసును బట్టి దాని లెక్క మారుతుంది, కాబట్టి మీ ఇమిగ్రేషన్ ఆఫీసులో అడగకుండా దాన్ని నమ్ముకోవద్దు. అన్నట్టు, థాయ్ డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 10 లక్షల బాట్ వరకే.

ప్రశ్న: నేను భారత పౌరుణ్ని. హెచ్-1బీ, ఆ తరువాత గ్రీన్ కార్డు మీద కలిపి అమెరికాలో పదకొండేళ్లు పనిచేశాను. గ్రీన్ కార్డు వదులుకుని ఫుకెట్‌లో ఉంటే నాకు, నా భార్యకు సోషల్ సెక్యూరిటీ వస్తుందా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: మీకు వస్తుంది. అమెరికా పౌరులు కానివారికి దేశం విడిచిన ఆరు నెలలకు చెల్లింపు ఆగిపోవడం సాధారణ నియమం. దానికి మినహాయింపులున్నాయి. 40 క్రెడిట్లు (సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన సంపాదనకు వచ్చే పాయింట్లు) ఉన్నవారికి లేదా పదేళ్లు అమెరికాలో నివసించినవారికి మినహాయింపు ఇచ్చే దేశాల జాబితాలో భారత్ ఉంది. ఏడాదికి నాలుగు క్రెడిట్లే గరిష్ఠం కాబట్టి పూర్తిగా పదేళ్లు సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉంటే 40 నిండుతాయి. స్టూడెంట్ వీసా, ఓపీటీ (చదువుకు అనుబంధంగా ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) కాలంలో ఈ పన్ను సాధారణంగా కోయరు, ఆ ఏళ్లను లెక్కలో వేసుకోకండి. ఆన్‌లైన్ ఖాతాలో సంపాదన పట్టిక చూసి నిర్ధారించుకోండి.

మీ భార్యకు మీ రికార్డు మీద రావాలంటే, మీ భార్యగా ఆమె అమెరికాలో కనీసం అయిదేళ్లు నివసించి ఉండాలి. పాత పాస్‌పోర్టులు, వీసా స్టాంపులు, కలిసి వేసిన పన్ను రిటర్నులు పారేయకండి, అప్పుడు అవే సాక్ష్యం.

పన్ను మాత్రం గట్టిగానే పడుతుంది. అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేని ప్రవాసికి పెన్షన్‌లో 85 శాతం మీద 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం ముందే కోసేస్తారు. 2,000 డాలర్లకు చేతికొచ్చేది 1,490.

ప్రశ్న: థాయిలాండ్ కొత్త పన్ను నియమం వల్ల పెన్షన్ మీద రెండు దేశాలకూ కట్టాలా? (బ్యాంకాక్ పాఠకురాలు)

జవాబు: సోషల్ సెక్యూరిటీ మీద కట్టనక్కర్లేదు. 1998 నుంచి అమలులో ఉన్న అమెరికా-థాయిలాండ్ పన్ను ఒప్పందం ప్రకారం దాని మీద పన్ను హక్కు చెల్లించే దేశానిదే. ఐఆర్‌ఏ, 401కే (సొంతంగా లేదా ఉద్యోగంలో దాచుకునే అమెరికా రిటైర్మెంట్ పొదుపు ఖాతాలు) సంగతి వేరు.

క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉన్నవారు థాయ్ పన్ను నివాసులు. 2024 జనవరి 1 నుంచి, వాళ్లు విదేశంలో సంపాదించి థాయిలాండ్‌కు తెచ్చిన ఆదాయం ఏ ఏడాది తెచ్చినా పన్ను లెక్కలోకి వస్తుంది. అంతకుముందు, ఆ ఏడాదిలోనే తెస్తేనే పన్ను ఉండేది. 2024కు ముందు సంపాదించిన పొదుపుకు మినహాయింపు ఉంది, కానీ అది పాత పొదుపే అని చూపించాల్సింది మీరు. 2023 డిసెంబర్ 31 నాటి స్టేట్‌మెంట్లన్నీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పాత పొదుపు ఒక ఖాతాలో, కొత్త ఆదాయం ఇంకో ఖాతాలో ఉంచితే వాదన సులువు.

భయపడేంత మొత్తం కాదని కూడా చెప్పాలి. 65 దాటినవారు ఐఆర్‌ఏ నుంచి ఏడాదికి 6 లక్షల బాట్ తెచ్చారనుకుందాం. వయసు మినహాయింపు 1,90,000, వ్యక్తిగత తగ్గింపు 60,000 పోతే 3,50,000 మిగులుతుంది. మొదటి 1,50,000 మీద సున్నా, తరువాతి 1,50,000 మీద 5 శాతం, చివరి 50,000 మీద 10 శాతం. మొత్తం 12,500 బాట్. అమెరికా రిటర్నులో ఈ థాయ్ పన్నుకు క్రెడిట్ (అక్కడి పన్నులో తగ్గింపు) అడగవచ్చు. ఒప్పందం కింద ఆ ఆదాయాన్ని చూపించే పద్ధతి కాస్త మెలిక, మొదటి ఏడాది ప్రవాసుల రిటర్నులు చేసే ఆడిటర్‌తో చేయించండి. థాయ్ రిటర్నుకు గడువు మార్చి 31, ఆన్‌లైన్ అయితే మరికొన్ని రోజులు.

అమెరికా వైపు మరవకూడనిది ఎఫ్‌బార్, అంటే విదేశీ బ్యాంకు ఖాతాల వివరాల నివేదిక. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ నివేదికను ఫిన్‌సెన్ 114 అనే ఫారంలో దాఖలు చేయాలి. వీసా కోసం 8 లక్షల బాట్ పెట్టిన ప్రతి అమెరికన్ పౌరుడూ ఈ గీత దాటినట్టే. పన్ను ఏమీ ఉండదు, అది సమాచారమే. గడువు ఏప్రిల్ 15, అక్టోబర్ 15 దాకా దానంతటదే పొడిగింపు. ఆన్‌లైన్‌లో అరగంట పని. విదేశంలో ఉండే ఒంటరి వ్యక్తికి ఏడాది చివర విదేశీ ఆస్తులు 2 లక్షల డాలర్లు దాటితే, పన్ను రిటర్నుతో ఇచ్చే 8938 ఫారం అదనం.

ప్రశ్న: మెడికేర్ పార్ట్ బి మానేయవచ్చా? (ఫుకెట్ పాఠకుడు)

జవాబు: పార్ట్ బి అంటే మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చు భాగం. థాయిలాండ్‌లో అది పైసా ఇవ్వదు. కానీ తిరిగి చేరితే ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకు 10 శాతం చొప్పున జరిమానా, అదీ జీవితాంతం. 2026లో సాధారణ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. నాలుగేళ్లు మానేసి చేరితే ఆ రేటు మీద మరో 81. పైగా చేరడానికి జనవరి 1 నుంచి మార్చి 31 వరకే కిటికీ తెరుచుకుంటుంది. పెద్ద జబ్బు వస్తే పిల్లల దగ్గరికి వెళ్లిపోవాలనే ఆలోచన ఉంటే మానకండి. పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చు భాగం) చాలామందికి ఉచితం, దాన్ని కదిలించకండి.

ప్రశ్న: ఐఆర్‌ఏ డబ్బు తీసుకుంటే పన్ను కోయొద్దని రాసినా 10 శాతం కోశారు. ఎందుకు? (హువా హిన్ పాఠకుడు)

జవాబు: మీ చిరునామా అమెరికాలో లేదు కాబట్టి. డబ్బు అమెరికా బయటికి వెళ్తుంటే, లేదా నివాస చిరునామా విదేశంలో ఉంటే, ఎంత పన్ను కోయాలో చెప్పే డబ్ల్యూ-4ఆర్ ఫారంలో సున్నా ఎంచుకునే వీలు పౌరులకు కూడా లేదు. పోయిందేమీ లేదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

73 ఏళ్లకు (1960లో, ఆ తరువాత పుట్టినవారికి 75) ఐఆర్‌ఏ నుంచి కనీస మొత్తం తీయడం తప్పనిసరి, మరిచిపోతే తీయాల్సిన దానిలో 25 శాతం జరిమానా. విదేశీ చిరునామా చూడగానే చాలా బ్రోకరేజీలు మ్యూచువల్ ఫండ్ల కొత్త కొనుగోళ్లు ఆపేస్తాయి, ఈటీఎఫ్‌లకు ఆ ఇబ్బంది తక్కువ. మార్పులేవో బయలుదేరే ముందే చేసుకోండి.

ప్రశ్న: మా వారు పోతే ఆ బ్యాంకు ఖాతాల సంగతేమిటి? ఇద్దరం అమెరికా పౌరులమే. (చియాంగ్ రాయ్ పాఠకురాలు)

జవాబు: అమ్మా, అడగడమే మంచిదైంది. ముందు డబ్బు సంగతి. మరణించిన నెలకు సోషల్ సెక్యూరిటీ చెల్లదు. మార్చి 30న పోయినా మార్చి నెల డబ్బు (అది ఏప్రిల్‌లో పడుతుంది) వెనక్కి వెళ్లాలి. ఆ డబ్బు తాకకండి, ఖాతా నుంచి ప్రభుత్వం తిరిగి లాక్కుంటుంది, అప్పుడు మీ చెక్కులు తిరిగొస్తాయి. మనీలా యూనిట్‌కు చెప్పి, మీకు రావాల్సిన సర్వైవర్ బెనిఫిట్‌కు దరఖాస్తు చేయండి. అమెరికా ఎంబసీ ఇచ్చే కాన్సులర్ మరణ నివేదిక ప్రతులు తగినన్ని తీసుకోండి, అమెరికాలో బ్యాంకు, బీమా, బ్రోకరేజీ అన్నీ దాన్నే అడుగుతాయి.

థాయ్ ఖాతా సంగతి కష్టం. ఆయన ఒక్కరి పేరున ఉంటే బ్యాంకు స్తంభింపజేస్తుంది, థాయ్ కోర్టు వారసత్వ నిర్వాహకుణ్ని నియమించాకే విడుదల చేస్తుంది. దానికి నెలలు పడతాయి. ఆయన పోయాక కార్డు, పిన్ వాడి డబ్బు తీసేయడం చట్టవిరుద్ధం, ఎంతమంది చేసినా సరే. వీసా డిపాజిట్ ఖాతా ఒక్కరి పేరునే ఉండాలంటారు గనుక, మీ పేరున వేరే ఖాతాలో ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ ఉంచుకోండి. థాయ్ ఆస్తులకు వేరుగా థాయ్ భాషలో విల్లు రాయించి, అమెరికా విల్లు దాన్ని రద్దు చేయకుండా లాయరు చేత ఒక వాక్యం పెట్టించండి. అమెరికా ఖాతాలకు విల్లు అవసరమే రాకుండా, మరణానంతరం చెల్లించాల్సిన వ్యక్తిగా మీ పేరును బ్యాంకులో నమోదు చేయిస్తే సరిపోతుంది. మీ వీసా ఆయన మీద ఆధారపడినదైతే ఆయనతోపాటే ఆధారం పోతుంది, మరణ ధ్రువపత్రం రాగానే ఇమిగ్రేషన్‌కు వెళ్లి మీ పేరున మార్చుకోవాలి. దానికి 8 లక్షలు మీ ఖాతాలో రెండు నెలల ముందే ఉండాలన్న లెక్కను ఇప్పుడే దృష్టిలో పెట్టుకోండి.